కార్డు ముక్క

"చేరగానే కార్డు ముక్క రాసి పడెయ్" అని ఊరెళ్లేవాళ్లకు చెప్పడం గోదావరి జిల్లాల ఇళ్లలో మామూలుగా ఉండేది. ఆ 'ముక్క'లో చులకన లేదు. ముక్క అంటే మాట కూడా. రెండు ముక్కలు చాలు, క్షేమమని తెలిస్తే చాలు అన్న ఆరాటం అందులో ఉంది.

'కార్డు' మూలం గ్రీకు 'ఖార్తెస్', అంటే పపైరస్ రేకు. అది లాటిన్ మీదుగా ఫ్రెంచిలో 'కార్త్' అయింది, అక్కడినుంచి ఇంగ్లీషులోకి, ఆపైన మనకూ వచ్చింది. ఫ్రెంచి పాలన ఉన్న రోజుల్లో యానాం ముచ్చటే వేరు. ఊళ్లోని ఫ్రెంచి తపాలాలో అది 'కార్త్ పొస్తాల్', ఎల్ల దాటి కాకినాడ వైపు వెళ్తే 'పోస్టుకార్డు'. రెండూ ఒకే తల్లి బిడ్డలు.

తపాలా బిళ్ల ముందే అచ్చయిన కార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో పుట్టింది. ఆలోచన ఇమాన్యుయెల్ హెర్మన్ అనే అర్థశాస్త్రవేత్తది. బ్రిటిష్ ఇండియాలోకి 1879లో, కాలణా ధరకు వచ్చింది. బొమ్మల కార్డు వేరు, దానికి బిళ్ల మనమే అంటించాలి.

ఫ్రెంచి ఇండియా బిళ్లల మీద 1923 నుంచి లెక్క కాష్‌లు, ఫనోంలలో ఉండేది: 24 కాష్‌లు ఒక ఫనోం, 8 ఫనోంలు రూపాయి. 1954లో ఫ్రెంచి పాలన ముగిశాక యానాం వీధుల్లోనూ భారత తపాలా కార్డులే తిరిగాయి.