నాయకులు పోయారు, పట్టు పోలేదు: యెమెన్ అంతర్యుద్ధంలో డ్రోన్లు

2002 నవంబరు 3న యెమెన్‌లోని మారిబ్ ఎడారిలో వెళ్తున్న ఒక కారును సీఐఏ ప్రిడేటర్ డ్రోన్ క్షిపణితో పేల్చేసింది. అందులో ఉన్న అల్ హారితీ, 2000లో ఏడెన్ రేవులో 17 మంది అమెరికా నావికులను బలిగొన్న యూఎస్ఎస్ కోల్ దాడిలో నిందితుడు. తర్వాతి ఏళ్లలో అరేబియా ద్వీపకల్ప అల్ ఖైదా పెద్దలు ఒకరి వెనుక ఒకరు ఇలాగే హతమయ్యారు. 2011లో అన్వర్ అల్ అవ్లాకీ, 2015లో నాసిర్ అల్ వుహైషీ, 2020లో ఖాసిమ్ అల్ రైమీ.

ఈ వరస చూస్తే డ్రోన్‌దే గెలుపు అనిపిస్తుంది. ముకల్లాలో జరిగింది చూస్తే ఆ మాట నిలవదు.

2014 సెప్టెంబరులో హూతీ తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ కూటమి వారిపై వైమానిక దాడులకు దిగింది. సైన్యం చీలిపోయి, ఎవరి ఆజ్ఞ ఎవరూ వినని ఆ రోజుల్లో, ఏప్రిల్ మొదట్లో అల్ ఖైదా మూకలు ముకల్లా రేవు పట్టణంలోకి చొరబడ్డాయి. జైలు బద్దలుకొట్టి సుమారు 300 మంది ఖైదీలను విడిపించాయి, కేంద్ర బ్యాంకు శాఖను దోచుకున్నాయి, రేవుకొచ్చే ఇంధనం మీద సుంకం వసూలు చేశాయి. జూన్‌లో అదే పట్టణంలో వుహైషీ డ్రోన్ దాడికి బలయ్యాడు. అయినా అల్ ఖైదా పెత్తనం చెక్కుచెదరలేదు. 2016 ఏప్రిల్‌లో యూఏఈ అండతో యెమెన్ బలగాలు నేలమీద కదిలివచ్చాకే ముకల్లాకు విముక్తి దొరికింది. ఆ జైలు నుంచి బయటపడ్డవాళ్లలో ఖాలిద్ బతర్ఫీ ఒకడు. రైమీ తర్వాత నాయకత్వం అందుకున్నది అతనే. డ్రోన్ ఏళ్ల తరబడి వెతికి ఒక్కొక్కరిని తీసేస్తుంటే, అంతర్యుద్ధం ఒక్కరోజులో వందల మందిని బయటికి వదిలింది.

ఇంతకంటే బాధాకరమైన నష్టం ఖషామిర్‌లో జరిగింది. హద్రమౌత్‌లోని ఆ పల్లె మసీదులో 2012 ఆగస్టులో ఒక మతబోధకుడు అల్ ఖైదా హింసను తప్పుబడుతూ ప్రసంగించాడు. కొద్ది రోజులకే ముగ్గురు కొత్తవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఒంటరిగా వెళ్లడం మంచిది కాదని, పోలీసు ఉద్యోగం చేసే బంధువును తోడు తీసుకెళ్లాడు. ఆగస్టు 29 రాత్రి మసీదు దగ్గర ఖర్జూర చెట్ల కింద వాళ్లు మాట్లాడుకుంటుండగా అమెరికా డ్రోన్ క్షిపణులు పడ్డాయి. ఐదుగురూ చనిపోయారు. అల్ ఖైదాను ఊళ్లో నిలబడి ఎదిరించగల మనిషినే ఆ దాడి తీసుకుపోయింది. ముకల్లాలో లోటుగా కనిపించింది సరిగ్గా అలాంటి స్థానిక బలమే. డ్రోన్ ఎంతమందిని చంపిందన్న లెక్కతో పాటు ఈ లెక్కనూ పరిశోధకులు వేయాలి.

ఖషామిర్ మృతుల బంధువులు జర్మనీ కోర్టుల గడప తొక్కారు. డ్రోన్ల నియంత్రణ సంకేతాలు జర్మనీలోని రామ్‌స్టైన్ అమెరికా స్థావరం మీదుగా సాగుతాయన్నది వారి వాదన. 2019లో మ్యూన్‌స్టర్ కోర్టు కొంతమేర వారి పక్షాన నిలిచింది. మరుసటి ఏడాది పైకోర్టు దాన్ని కొట్టేసింది. విదేశాల్లోని విదేశీయులను కాపాడే బాధ్యత కొన్ని సందర్భాల్లో జర్మనీకి ఉండవచ్చని 2025 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకుంది. ఈ కేసులో అందుకు కావలసిన షరతులు నెరవేరలేదంటూ పిటిషన్‌ను తిరస్కరించింది.