చాకిరీ ఒకరిది... చెక్కు ఇంకొకరికి

(ఇందులో ఇద్దరు రైతులు, వాళ్ల మాటలు కల్పితం. తేదీలు, నిబంధనలు, రేట్లు వాస్తవం.)

2020 ఏప్రిల్ 20. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, నోబుల్స్ కౌంటీ. వర్తింగ్టన్‌లోని జేబీఎస్ పంది మాంసం ఫ్యాక్టరీ మూతపడింది. లోపల కార్మికులకు కొవిడ్. రెండు వేల మందికి పైగా పనిచేసే ఆ ఫ్యాక్టరీ రోజుకు ఇరవై వేల పందుల్ని కోసేది.

ఆ కౌంటీలో ఇరుగు పొరుగు రైతులిద్దరు. చెరొక షెడ్డు, చెరి రెండు వేల పందులు. మొదటి రైతువి సొంతం. రెండో రైతువి కంపెనీవి, అతను కాంట్రాక్టు మీద పెంచుతాడు. పంది పిల్లల్నీ దాణానీ కంపెనీ పంపుతుంది. షెడ్డు, చాకిరీ, బ్యాంకు అప్పు మాత్రం అతనివి.

పంది ఆరు నెలలకల్లా కోతకు పోవాలి. తూకం మించితే ఫ్యాక్టరీలో లైను మీదికి ఎక్కదు. షెడ్డు ఖాళీ చేయకపోతే కొత్త పిల్లలకు చోటుండదు.

"ఏం చేద్దామనుకుంటున్నావ్?" కంచె అవతలి నుంచి అడిగాడు రెండో రైతు.

"ఏముంది? చంపి పూడ్చడమే. నీ సంగతి?"

"కంపెనీ ఏం చెబితే అది. మళ్లీ పిల్లల్ని ఎప్పుడిస్తారంటే మాత్రం పలకడం లేదు."

ఫ్యాక్టరీ మూతకు మూడు రోజుల ముందే కేంద్ర వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో 1,600 కోట్లు నేరుగా రైతులకు. మే 26న దరఖాస్తులు మొదలయ్యాయి. కొవిడ్ వల్ల ఆ శాఖ కౌంటీ ఆఫీసు తలుపులు తెరవలేదు. అంతా ఫోన్లోనే.

"ఏప్రిల్ 16, మే 14 మధ్య మీ దగ్గర ఎక్కువలో ఎక్కువ ఎన్ని పందులున్నాయండీ?"

"రెండు వేలు," అన్నాడు మొదటి రైతు.

"తలకు 17 డాలర్ల చొప్పున 34,000. ముందు 80 శాతం, అంటే 27,200 వస్తుంది. అంతకు ముందు మూడు నెలల్లో అమ్మినవాటి లెక్క వేరు."

"చంపేసినవాటి మాటేంటి?"

"ఆ తేదీల్లో ఏ రోజైనా మీ దగ్గర ఉంటే చాలండీ. లెక్క రాసి సంతకం పెట్టండి. కాగితాలు అవసరమైతే అడుగుతాం."

రెండో రైతు ఫోన్ చేశాడు.

"పందులు మీవేనాండీ?"

"పెంచింది నేనే."

"ధర పడిపోతే నష్టం ఎవరికి?"

కాసేపు మాట్లాడలేదతను. "కంపెనీకి," అన్నాడు చివరికి.

"అయితే మీకు రాదండీ."

ఆఫీసు వాళ్లు తప్పు చెప్పలేదు. మార్కెట్ ధర రిస్కు మోసేవారికే సాయమన్నది నిబంధన. సెప్టెంబరులో మరో 1,400 కోట్ల డాలర్ల దాకా రెండో విడత ప్రకటించారు. అందులోనూ కాంట్రాక్టు పెంపకందార్లకు చోటు లేదు. డిసెంబరులో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చట్టం చేశాకే దారి దొరికింది. 2020లో ఆదాయం ఎంత తగ్గిందో చూసి, అందులో 80 శాతం దాకా ఇస్తామన్నారు. ఆ దరఖాస్తులకు చివరి తేదీ 2021 అక్టోబరు 12.

ధర పడితే పందుల యజమాని నష్టపోతాడు. షెడ్డు ఖాళీ అయితే పెంచేవాడు నష్టపోతాడు. మొదటి నష్టానికి వారాల్లోనే ఫారం తయారైంది. రెండోది నష్టమేనని ఒప్పుకోవడానికి ప్రభుత్వానికి నెలలు పట్టింది. అంతవరకూ బ్యాంకు వాయిదాలు కట్టుకున్నది పెంచినవాడే.