పెరటి కోళ్ళ గూడు: వ్రాయబడని చరిత్ర

కోడిని గురించి మన తెలుగువారు వ్రాసినది తక్కువ కాదు. పల్నాటి కథలో మలిదేవాదుల వనవాసమునకు కారణము బ్రహ్మనాయుని పక్షమునకును నాగమ్మ పక్షమునకును నడిచిన కోడిపందెమే. ఓరుగంటి వీథులను వర్ణించిన క్రీడాభిరామములోను కోడిపందెము కలదు. పందెగాండ్ర కొరకు కుక్కుటశాస్త్రమే వెలసినది. డేగ, కాకి, నెమలి, పింగళ అని ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ వేళ ఏ రంగు గెలుచునో కూడ అందులో నిర్ణయించినారు. అయితే ఇదంతయు పుంజు చరిత్ర. పెరటిలో గ్రుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను సాకిన పెట్టకు శాస్త్రము లేదు. దాని గూడు, మేత, రోగము సంగతులన్నియు ఇంటి ఆడవారి చేతిలోను నోటిలోను నిలిచినవి. ఆ చరిత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే మా యీ ప్రయత్నము.

ఇంటికోడికి మూలము ఎఱ్ఱ అడవికోడి యని డార్విను 1868లో వ్రాసెను. 2008లో వెలువడిన జన్యుపరిశోధన దీనికొక సవరణ చేర్చినది. కోడి చర్మమునకు పసుపురంగు నిచ్చు జన్యువు మన దక్షిణదేశపు అడవులలో తిరుగు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదట. ఇక 2022లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము మిక్కిలి పాతవైన ఇంటికోడి ఎముకలు థాయిలాండులో దొరికినవి. వాని కాలము క్రీ. పూ. 1650–1250 నడుమ. వరి, చిరుధాన్యములు పండినచోట చిందిన గింజల కొరకు అడవికోడి ఊరు చేరినదని ఆ పండితుల అభిప్రాయము. రోటి చుట్టు మూగిన కోళ్ళను అదలించుచు వడ్లు దంచిన మన అవ్వలకు ఈ మాట వింతగా తోచదు.

గూడు సంగతి మొదట చెప్పవలెను. మన పల్లెలలో కోడిగూడనగా ఇంటిగోడ నానుకొని మట్టితోనో రాతితోనో కట్టిన చిన్న అర. దాని ముందొక చెక్క. ప్రొద్దు క్రుంకగానే కోళ్ళు తమంతట తామే వచ్చి చేరును. ఇల్లాలు లెక్క చూచుకొని చెక్క మూయును. పిల్లికి, ముంగిసకు, పాముకు అదే కాపుదల. పగటిపూట గద్ద భయమునకు మేదరివారు అల్లిన గంపను పిల్లలపై బోర్లించుదురు. నేలపై ఊక చల్లుట, పేలు పట్టకుండ బూడిదలో పొర్లనిచ్చుట వాడుకలో నున్నవే. నేటి పశువైద్యులును పొడినేల, గాలి, ఎక్కి కూర్చుండుటకు దండెము, పెద్దకోడి ఒక్కింటికి సుమారు 2 చదరపు అడుగుల చోటు ఉండవలె నందురు. పాత గూటికి ఉన్న లోపము గాలి. ఇరుకు అరలో పది కోళ్ళను కుక్కి మూసిన రాత్రి, రెట్టల ఘాటు వాని ఊపిరికి చేటు. ఒక ప్రక్క తీగవల బిగించినచో ఆ లోపము తీరును.

పొదిగించుటలో ఆడవారి నేర్పు మరింత సూక్ష్మమైనది. పొదుగుడు పెట్టను ఎంచి, గంపలో గడ్డి పరచి, 10 లేక 12 గ్రుడ్లు ఉంచుదురు. వారము గడచిన పిదప గ్రుడ్డును దీపమున కెదురుగా పట్టి చూచి, నరములు కానరానిదానిని తీసివేయుదురు. 21 దినములకు పిల్లలు వెలువడును. వానికి నూకలతోపాటు చెదలు మేత. పాతకుండలో పేడయు గడ్డియు కూరి, తడిపి, చెదలున్న తావున రాత్రి బోర్లించి, తెల్లవారి పిల్లల ముందు దులుపుదురు. మాంసకృత్తుల పేరు వినకయే ఎదుగు పిల్లకు వాని అవసరమును గుర్తించినవారు వీరు.

అయినను ఈ నేర్పు ఓడిపోయిన చోటొకటి కలదు. అది కొక్కెర తెగులు. మెడ వంకరపోయి, పచ్చని రెట్ట వేసి, నాలుగు దినములలో ఊరి గూళ్ళన్నియు ఖాళీ యగును. 1926లో జావాలోను ఇంగ్లండులోని న్యూకాసిలులోను గుర్తింపబడిన ఈ వ్యాధి మన దేశమున రాణిఖేతు పేరుతో శాస్త్రమున కెక్కినది. ఆ కుమాయూ కొండలలోనే ఉన్న ముక్తేశ్వరములో 1940ల కాలమున దీనికి టీకా సిద్ధమైనది. తెగులు సోకిన పిదప నేటికిని మందు లేదు. మొదటి వారమున కంటిలో చుక్క, ఎనిమిదవ వారమున సూది, ఇవే రక్ష.

తరువాతి కథ పెరడు దాటినది. తెలుగువారైన బి. వి. రావుగారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ సంస్థను నెలకొల్పి, పూనా కేంద్రముగా పెంచిరి. 1982లో గ్రుడ్ల ధరను రైతులే నిర్ణయించుకొనుటకై జాతీయ సమన్వయ సంఘము ఏర్పడుటలో వారే ముందు నిలిచిరి. గ్రుడ్డు పేదవానికి అందినది. ఇది చిన్న మేలు కాదు. కాని పొదుగుట మరచిన కోడి పంజరము చేరినది, గ్రుడ్లమ్మిన చిల్లర ఇల్లాలి కొంగుముడి విడిచినది. ఆ చిల్లర ఆమె ఎవరినీ అడుగనక్కరలేని సొమ్ము. పెరటికై హైదరాబాదు పరిశోధనాలయము వనరాజా, గ్రామప్రియ కోళ్ళను, బెంగుళూరు పశువైద్య కళాశాల గిరిరాజ కోడిని రూపొందించినవి. వనరాజా నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును గాని పొదుగదు. దాని గ్రుడ్లను పొదిగింప వలెనన్న యంత్రమో, మరల నాటు పెట్టయో కావలెను.

ఊరు విడిచి వచ్చిన మనకు ఈ చరిత్రతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. బొంబాయి చాళ్ళలో, షోలాపురము మగ్గాల పేటలలో చేరిన కుటుంబములకు పెరడు దూరమైనది. పెరడుతోపాటు గంప, పొదుగు, దండెము అను మాటలును మూగబోవుచున్నవి. కన్నడిగుల హుంజ మన పుంజునకు తోబుట్టువే యని మన పిల్లలకు చెప్పువారేరీ? పుంజు పేర్లను పందెగాండ్రు పుస్తకమున కెక్కించుకొనిరి. పెట్టను సాకిన అవ్వలు మన ఇండ్లలో ఇంకను కొందరున్నారు. ఈ ఉగాదికి వారి చెంత కూర్చుండి, గూడు ఎట్లు కట్టిరో, పిల్లలను ఎట్లు నిలిపిరో అడిగి, వారి మాటలలోనే వ్రాసి ఉంచుడని సోదరసోదరీమణులను కోరుచున్నాము.