బేగెలు – చేగోడి

కూకట్‌పల్లిలోని మా యింటికి మొన్న మనుమడొక పొట్లము తెచ్చెను. విప్పిచూడగా, నడుమ రంధ్రముగల రొట్టెలు. "వీటిని బేగెళ్లంటారు, తాతయ్యా" అనెను. నాకు చేగోడి జ్ఞప్తికి వచ్చినది.

బేగెలు పోలండు యూదుల రొట్టె. 1610లో క్రాకోవు నగరపు యూదు సంఘము చేసికొన్న నిబంధనలలో దాని పేరు కానవచ్చును. పందొమ్మిదవ శతాబ్ది చివర వలసపోయిన వారితో అది న్యూయార్కు చేరెను. పులిసిన గోధుమపిండిని వలయముగా చుట్టి, మొదట మరుగు నీట ముంచి, పిదప బట్టీలో కాల్చుదురు. నీటి వేడికి పైపొర ముందే బిగియును. అందుచే లోపలి రొట్టె మిక్కిలి పొంగక, నమలుటకు సాగుచుండును.

చేగోడికిని మరుగు నీరే ప్రాణము. అయితే మనము పిండిని ముందు మరుగు నీట ఉడికించి, పిదప చుట్టి, నూనెలో వేయింతుము. రూపమొక్కటైనంత మాత్రమున వంశమొక్కటి కాదు. చరిత్ర చదువువారు మరువరాని మాట యిది.

1998లో సైబర్ టవర్సు వెలసిన పిదప ఈ దిక్కునకు దేశదేశముల తిండ్లు వచ్చినవి. "మంచి బేగెళ్లు ఎక్కడ దొరుకుతాయి?" అని మనుమడడిగెను. తెచ్చినవి బన్నువలె మెత్తగానున్నవి. "దుకాణము పేరు చూడకుము, నీట ఉడికించితిరా యని యడుగుము" అంటిని.

మా యింట చేగోడి చేయు చేయి నేడు లేదు. ఆ సాయంకాలము నేనే ఎసరు పెట్టి, మనుమనికి పిండి ఉడికించుట చూపితిని. వలయములు వంకరగా వచ్చినవి; ఒక్కటియు మిగులలేదు.