ఒంటి జ్ఞాపకం: ఇందూరు నుంచి ఎముక మజ్జ దాకా

ఆషాఢంలో ఇందూరులో, అంటే నిజామాబాద్‌లో ఊర పండుగ చేస్తారు. రోగాలు రాకుండా ఊరిని కాపాడమని గ్రామదేవతలకు మొక్కే పండుగ అది. మశూచి తిరిగిన కాలంలో ఆ మొక్కుతో పాటు అనుభవం నేర్పిన తెలివి కూడా ఇంటింటా ఉండేది. అమ్మవారు ఒకసారి పోసి బతికినవాళ్లకు మళ్లీ పోయదు. అందుకే ముఖం నిండా స్ఫోటకపు మచ్చలున్న మనిషే రోగి పక్కన కూర్చుని వేపమండతో విసిరేది. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌లో మహమ్మారిని కళ్లారా చూసిన గ్రీకు చరిత్రకారుడు థూసిడైడిస్ కూడా ఇదే సంగతి రాశాడు.

మరి ఆ రక్షణ ఎన్నాళ్లుంటుంది? డెన్మార్క్ వైద్యుడు పానమ్‌కు 1846లో ఫారో దీవుల్లో దీనికి జవాబు దొరికింది. అక్కడ తట్టు వచ్చింది. దాదాపు ఊరంతా మంచం పట్టింది. 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లకు మాత్రం సోకలేదు. మధ్యలో 65 ఏళ్లు ఆ దీవుల్లో తట్టు ఊసే లేదు. అయినా ఒళ్లు మరిచిపోలేదు.

ఎలా గుర్తుంచుకుందన్నది తేలడానికి ఇంకో శతాబ్దంన్నర పట్టింది. తేల్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మనవాడిదే కావడం నాకు గర్వంగా ఉంటుంది. రఫీ అహ్మద్ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికా వెళ్లాడు. ఎలుకలకు వైరస్ ఎక్కించి, అది పూర్తిగా పోయాక కూడా టీ కణాలనే తెల్ల రక్తకణాల జ్ఞాపకం నిలుస్తుందని 1994లో ఆయన బృందం చూపింది.

ఆ జ్ఞాపకం ఎలా నిలుస్తుందో బోధన్ వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో క్రషింగ్ సీజన్‌లో చేతికి అందినవాళ్లందరికీ పని ఉండేది. సీజన్ అయిపోతే పర్మనెంట్ వాళ్లే మిగిలేవాళ్లు. ఒంట్లోనూ అంతే: వైరస్ వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టే టీ కణాలు వేల రెట్లు పెరుగుతాయి. పని ముగిశాక నూటికి తొంభైకి పైగా చచ్చిపోతాయి. మిగిలిన కొద్ది కణాలే ఏళ్ల తరబడి కాపలా కాస్తాయి. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో కొన్ని ఎముక మజ్జలో స్థిరపడి, వైరస్ మళ్లీ కనబడకపోయినా పని ఆపవని 1998లో అదే బృందం నిరూపించింది.

యాభై దాటినవాళ్ల చేతుల మీద మశూచి టీకా మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది: గుండ్రంగా, కాస్త గుంటపడి, చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి. దేశంలో మశూచి 1975లోనే ఆగిపోయింది. కానీ టీకా వేసిన 75 ఏళ్లకు కూడా యాంటీబాడీలు తగ్గకుండా ఉన్నాయని 2003లో అమెరికాలో చేసిన పరీక్షల్లో తేలింది. స్వల్పంగా కోవిడ్ వచ్చినవాళ్ల ఎముక మజ్జలో కూడా పదకొండు నెలల తర్వాత ఆ ప్లాస్మా కణాలు దొరికాయని 2021లో వెల్లడైంది. ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు వేషం మారుస్తాయి కాబట్టి పాత జ్ఞాపకం కొంతే పనికొస్తుంది.

తట్టు వైరస్ అలా మారదు. అది చేసే చేటు వేరు: జ్ఞాపక కణాల్లోకే దూరి వాటిని చంపుతుంది. తట్టు తగ్గిన పిల్లల్లో అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో లెక్కతేలింది. పిల్లలన్నాక తట్టు మామూలేనని ఇంకా అనేవాళ్లున్నారు. కానీ ఇంత చేటు చేసేదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తట్టు నుంచి కాపాడే టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోసారి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.