మన వాడల చరిత్ర – 14: నాడె నుంచి సర్వీస్ లిఫ్ట్ దాకా



పోయిన నెల ఒక సభ కోసం ముంబై వెళ్లాను. లోయర్ పరేల్ స్టేషన్ బయట పెద్ద హోర్డింగ్ కనిపించింది. చారిత్రక ప్రాంతంలో నాలుగు బెడ్‌రూముల లగ్జరీ ఫ్లాట్ అమ్మకానికి ఉందట. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందట. పనివాళ్లకు వేరే సర్వీస్ లిఫ్ట్ కూడా ఉందట. ధర కోట్లలో. "చారిత్రక" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎవరి చరిత్ర? బోర్డు చెప్పలేదు. మనం చెప్పుకుందాం.

ఆ ప్రాంతం పేరు గిరణ్‌గావ్. గిరణీ అంటే మరాఠీలో మిల్లు. అంటే మిల్లుల ఊరు. కొంకణ్ నుంచి, దక్కన్ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు అక్కడ బట్ట నేశారు. మన తెలంగాణ పద్మశాలీలూ వాళ్లలో ఉన్నారు. నిజాం రాజ్యం నుంచి వలసపోయిన కూలీలు ఆ నగరంలో రాళ్లు మోశారు. కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది వాళ్ల వల్లే.

అయితే మిల్లు లోపల కూడా ఊరూ వాడా ఉండేవి.

నేత ఖాతాలో కూలి ఎక్కువ. కండె అయిపోతే కొత్త కండె వేసి, నాడె కంటిలోంచి పేక దారాన్ని నోటితో పీల్చి లాగాలి. అదే నాడె ఇంకొకరి నోటికీ తగులుతుంది. అంటరానివాడి ఎంగిలి తగిలితే మైల అంటుతుందని సవర్ణ కార్మికులు దళితులను నేత ఖాతాలోకి రానివ్వలేదు. తక్కువ కూలి వచ్చే వడుకు ఖాతాలోనే ఉంచారు. మన తెలుగు నేల మీద మాలలు ముతక బట్ట నేసిన కులమే. మగ్గం తెలిసిన చేతులనే మగ్గానికి దూరం పెట్టారు.

1928 పెద్ద సమ్మెలో అంబేద్కర్ ఈ ప్రశ్నను యూనియన్ నాయకుల ముందు పెట్టాడు. యజమాని దోపిడీ గురించి గంటలు మాట్లాడేవాళ్లు పక్కనున్న కార్మికుడి అంటరానితనం గురించి ఎందుకు మాట్లాడరని నిలదీశాడు. అప్పటికి ఆయన కాపురం ఎక్కడో తెలుసా? అదే పరేల్‌లో, బీఐటీ చాల్‌లో, రెండు చిన్న గదుల్లో. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగించిన నాయకుడు ఆ గదుల్లో ఉన్నవాడే.

పక్కనే వర్లీలో బీడీడీ చాళ్లు. 1920లలో కట్టినవి. ఒక్కో గది 160 చదరపు అడుగులు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. 1974 జనవరి 5న అక్కడే దళిత్ పాంథర్ సభ మీద దాడి జరిగింది. ఐదు రోజుల తర్వాత నిరసన ఊరేగింపులో నడుస్తున్న భగవత్ జాధవ్, పైనుంచి విసిరిన రాయి తగిలి చనిపోయాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె గెలవలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి, సుమారు 600 ఎకరాల నేల మిగిలింది. ఆ నేలను అమ్మితే మూడో వంతు నగరానికి, మూడో వంతు ప్రజల ఇళ్లకు, మిగిలింది యజమానికి అని 1991 నిబంధన చెప్పింది. 2001లో దాన్ని మార్చారు. మిల్లు కట్టడాలున్న నేలను లెక్కలోంచి తీసేసి, ఖాళీ నేలను మాత్రమే పంచితే చాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. పేదల వాటా కరిగిపోయింది, టవర్లు లేచాయి.

ఇప్పుడు మళ్లీ ఆ సర్వీస్ లిఫ్ట్ దగ్గరకు రండి. వంట చేసే మనిషి, గిన్నెలు తోమే మనిషి, చెత్త ఎత్తే మనిషి అందులో ఎక్కాలి. ఓనరు వేరే దాంట్లో ఎక్కుతాడు. సామాన్లకు వేరే లిఫ్ట్ అంటే అర్థముంది. మనుషులకెందుకు? నాడె దగ్గర గీసిన గీతే లిఫ్ట్ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. అప్పుడు దానికి మైల అని పేరు, ఇప్పుడు ప్రైవసీ అని పేరు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. మీ ఊళ్లో మూతపడిన మిల్లో, ఫ్యాక్టరీయో ఉంటే, అక్కడ పనిచేసిన మీ తాతనో, అమ్మమ్మనో రెండు ప్రశ్నలడగండి. ఏ ఖాతాలో పనిచేశారు? ఏ ఖాతాలోకి రానివ్వలేదు? జవాబులు రాసిపెట్టండి. మనం రాయకపోతే మన చరిత్రను కూడా చదరపు అడుగుల లెక్కన అమ్ముకుంటారు.

జై భీమ్.