బాండుపై విమాన సరుకు తరలింపు (సూరత్)

విమానంలో దిగిన విదేశీ సరుకును సుంకం కట్టకముందే బయటి గిడ్డంగికి చేర్చే పద్ధతి. 1962 కస్టమ్స్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం దిగుమతిదారు సుంకానికి మూడింతల మొత్తానికి బాండు రాసివ్వాలి. బండికి ఒక్కసారే పనికొచ్చే తాళం వేసి, దాని నంబరును పత్రాల్లో రాస్తారు. గిడ్డంగి దగ్గర ఆ తాళం చెక్కుచెదరలేదని చూశాకే సరుకు దించుకోవాలి. ఈ పద్ధతిలో అన్నిటికన్నా కీలకం ఈ తనిఖీయే. నిల్వ 90 రోజులు దాటితే సాధారణంగా సుంకంపై వడ్డీ పడుతుంది.

వజ్రాలు సానబట్టే సూరత్‌కు ముడిరాయి చాలాకాలంగా ఎక్కువగా ముంబయి మీదుగా వస్తోంది. సూరత్ దగ్గరి సచిన్‌లోని ప్రత్యేక ఆర్థిక మండలికి వెళ్లే సరుకుకు, మండలి అధికారి ఆమోదించిన బిల్ ఆఫ్ ఎంట్రీయే (దిగుమతి పత్రమే) తరలింపు అనుమతి. 2023 డిసెంబరులో సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదాను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అదే నెల 17న నగరంలో వజ్రాల వ్యాపార కేంద్రమైన డైమండ్ బోర్స్ ప్రారంభమైంది.